మెమో లేని జవాబు

1966 జూలైలో ఖరగ్‌పూర్‌లో రైల్వే టెలికం విభాగంలో అప్రెంటిస్‌గా చేరాను. మూడేళ్ల శిక్షణ. ప్రతి సెమిస్టర్‌లో సగం రోజులు తరగతి గదిలో పాఠాలు, సగం రోజులు లైన్ మీద పని. మొదటి సెమిస్టర్‌లో రెండు పేపర్లు తప్పినవాడి చేత హెచ్చరిక పత్రం మీద సంతకం పెట్టించుకునేవారు. రెండో సెమిస్టర్‌లో అవే పేపర్లు మళ్లీ తప్పితే శిక్షణ రద్దు. నేను మొదటి సెమిస్టర్‌లో సరిగ్గా రెండు పేపర్లు తప్పాను.

మా నాన్న అదే విభాగంలో టెలిఫోన్ మేస్త్రి. మా తాత శ్రీకాకుళం వైపు నుంచి ఇక్కడికి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. నేను మాత్రం కలకత్తాలో మేనమామ ఇంట్లో పెరిగి, సెలవులకే ఖరగ్‌పూర్ వచ్చేవాణ్ని. వచ్చినన్నాళ్లూ నాన్న వెంట లైన్ మీదే ఉండేవాణ్ని. పోర్టబుల్ ఫోన్ మోయడం నా వంతు. అది తోలు పట్టీ ఉన్న చెక్కపెట్టె. పొడవాటి గెడల చివర ఉండే కొక్కేలను స్తంభాల మీది తీగలకు తగిలిస్తే, పొలాల మధ్య నిలబడి స్టేషన్‌తో మాట్లాడవచ్చు. అప్రెంటిస్‌గా చేరాక కూడా ఆ పెట్టె నా భుజం మీంచి దిగేది కాదు.

విద్యుత్తు పేపర్‌కు నేను చదవలేదు. తప్పాను, అది న్యాయమే. లైన్ పని పేపర్ తప్పడం మాత్రం మింగుడు పడలేదు.

మార్కులు నోటీసు బోర్డు మీద పెట్టారు. ఊళ్లోనే తాల్‌బగీచా పేట నుంచి వచ్చే శామ్యూల్ అనే తోటి అప్రెంటిస్ అందరికీ వినపడేలా చదివాడు. "లైన్ పని, ముప్పయ్యారు! ఏటి కలకత్తా బాబూ, ఫోన్ పెట్టెతోనే పుట్టినానన్నావు కదా? తీగ తెగిపోనాదా?"

వాడికి వచ్చినవి ముప్పై ఎనిమిది. నలభై వస్తేనే పాస్.

అప్పట్లో ఒక అలవాటు ఉండేది. కొద్దిలో తప్పినవాళ్లు పరీక్ష రోజుల్లో జ్వరం వచ్చిందనో, ఇంట్లో ఎవరికో బాగోలేదనో పిటిషన్ పెట్టుకునేవారు. గోల్ బజార్‌లో టైపు కొట్టే ఒకాయన దగ్గర అది తయారుగా ఉండేది. పేరు, జబ్బు మార్చి ఇచ్చేవాడు. పైవాళ్లు నాలుగైదు మార్కులు కలిపి గట్టెక్కించేవారు. ఒక్క పేపర్ గట్టెక్కినా నాకు హెచ్చరిక తప్పేది. నాన్న సాయంత్రానికల్లా టైపు చేయించిన కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు.

"జొరమొచ్చిందని ఉన్నాది. సంతకం ఎట్టీ."

"నాకు జొరం రానేదు కదా."

"ఉద్యోగం పోతే అదే వొస్తాది."

"నేను రాసింది రైటు. దిద్దినోడిదే తప్పు."

"అలాగైతే నువ్వే ఇనిస్పెట్రువి, మేం నీ కింద కూలోళ్లం!" అని నాన్న కాగితం నా ఒళ్లో పడేశాడు. నేను దాన్ని రెండు ముక్కలు చేశాను. ఆ తర్వాత వారం రోజులు నాన్న నాతో మాట్లాడలేదు.

దిద్దిన పేపర్ చూపించమని రాతపూర్వకంగా అడిగే హక్కు మాకుండేది. ఎవరూ అడిగేవారు కాదు, పాఠం చెప్పే ఇన్‌స్ట్రక్టర్‌తో గొడవెందుకని. నేను మర్నాడే రాసిచ్చాను. మా ఇన్‌స్ట్రక్టర్ మైతీ గారు. అంతకుముందు చాలా ఏళ్లు లైన్ మీద ఇన్‌స్పెక్టర్‌గా పనిచేసిన మనిషి. నా దరఖాస్తు చదివి, "ఠీక్ హై" అని బీరువాలోంచి పేపర్ తీశారు.

నలభై మార్కుల ప్రశ్న ఒకటుంది. రెండు స్టేషన్ల మధ్య బ్లాక్ లైన్‌లో లోపం వచ్చింది, ఎలా కనిపెట్టి సరిచేస్తారో వరుసగా రాయమని. బ్లాక్ లైన్ అంటే, ఆ మధ్యలో ఒక రైలు ఉండగా ఇంకొకటి రాకుండా రెండు స్టేషన్ల యంత్రాలను కలిపే తీగ. మేము చదివిన పుస్తకంలో స్టేషన్ నుంచి మొదలుపెట్టి లైన్‌ను పరీక్షించే ఒక్కో స్తంభం దగ్గరా చూసుకుంటూ వెళ్లాలని ఉంది. నాన్న అలా చేసేవాడు కాదు. నేరుగా మధ్యకు వెళ్లి ఫోన్ తగిలించేవాడు. ఏ వైపు పలకకపోతే లోపం ఆ వైపు. నేను అదే రాశాను. బొమ్మ కూడా వేశాను.

దాని కింద ఎర్ర పెన్సిల్‌తో సున్నా. పక్కన రెండే మాటలు: మెమో ఎక్కడ?

బ్లాక్ లైన్ ముట్టుకునే ముందు స్టేషన్ మాస్టర్‌కు డిస్కనెక్షన్ మెమో, అంటే లైన్ విడదీస్తున్నామని తెలిపే కాగితం, ఇచ్చి, టైముతో సహా సంతకం తీసుకోవాలి. అప్పటినుంచి ఆయన యంత్రాన్ని నమ్మడు, రైళ్లను కాగితం మీద అనుమతి రాసిచ్చి నడుపుతాడు. పని పూర్తయ్యాక మళ్లీ మెమో ఇచ్చి యంత్రాన్ని అప్పగించాలి.

అది అందరికీ తెలిసిందే కదా, పరీక్షలో రాయడమెందుకని గట్టిగానే అడిగాను. మైతీ గారు గొంతు పెంచలేదు. "నేను స్టేషన్ మాస్టర్ని అనుకో. నాకు చెప్పకుండా తీగ ముట్టుకున్నావు. నా యంత్రం ఏదో చూపించింది, నేను నమ్మి రైలు వదిలాను. ఇప్పుడు నీకు ఎన్ని మార్కులు వెయ్యమంటావో నువ్వే చెప్పు" అన్నారు హిందీలో.

అయినా ఒప్పుకోలేదు. మధ్య నుంచి వెతికే పద్ధతి తప్పా అని అడిగాను. సున్నా దానికి కాదన్నారు. హెచ్చరిక పత్రం మీద అక్కడే సంతకం పెట్టి, తలుపు గట్టిగా వేసి బయటికి వచ్చాను. శామ్యూల్ జ్వరం పిటిషన్ పెట్టుకున్నాడు, రెండు మార్కులు కలిశాయి, పాసయ్యాడు.

తర్వాతి వారం ఒక చిన్న స్టేషన్ దగ్గర బ్లాక్ లైన్ పోయిందని కబురొచ్చింది. నేను నోటు పుస్తకం పట్టుకుని నాన్న వెంట బయల్దేరాను. వారం తర్వాత నాన్న నోరు విప్పాడు. "పెట్టె నేను మొయ్యాలేటి? సరే, పదండి దొరగారూ."

నాన్న ఏ పని చేస్తే అది వరుసగా రాయాలని నా పంతం. స్టేషన్‌లో దిగగానే అలవాటుగా నా కాళ్లు స్తంభాల వైపు తిరిగాయి. నాన్న మాత్రం మాస్టర్ గదిలోకి వెళ్లాడు. నేనూ వెనకే వెళ్లాను. నాన్న జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. మాస్టర్ ఎవరితోనో ఫోన్‌లో మాట్లాడుతూనే గడియారం చూసి, టైము వేసి, సంతకం పెట్టాడు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. మొత్తం అర నిమిషం పట్టిందేమో.

ఇన్నేళ్లూ ఆ అర నిమిషం నేను బయట ఫోన్ పెట్టెతో నిలబడి ఉన్నాను. మెమో సంగతి పాఠంలో విన్నాను కానీ, అది ఇవ్వడం ఒక్కసారీ చూడలేదు. నాకు పనంటే నాన్న బయటికి వచ్చాకే మొదలయ్యేది.

"ఇది నాకెప్పుడూ సెప్పనేదేటి?" అన్నాను.

"సెప్పడానికేటున్నాది? సొక్కా తొడుక్కోమని సెప్తానా నీకు?"

ఆరు నెలలూ అలాగే రాశాను. నాన్న చెప్పకుండా చేసేవన్నీ పుస్తకంలోకి ఎక్కాయి. విద్యుత్తు పాఠాలు కూడా పళ్లు నూరుకుంటూ చదివాను. రెండో సెమిస్టర్‌లో దాదాపు అదే ప్రశ్న వచ్చింది. మొదటి పేజీ నిండా మెమో రాశాను. రెండో పేజీలో మళ్లీ మధ్య నుంచి వెతికే పద్ధతే రాశాను, అది ఎందుకు త్వరగా తేలుతుందో కారణంతో సహా. పుస్తకం పద్ధతి రాస్తే మార్కులు ఖాయమని తెలుసు. రాయలేదు.

లైన్ పని డెబ్బై ఒకటి, విద్యుత్తు నలభై నాలుగు. ఈసారీ పేపర్ చూపించమని అడిగాను. మైతీ గారు నా పద్ధతి పక్కన ఎర్ర పెన్సిల్‌తో రాశారు: నేనైతే ఇలా చెయ్యను, కానీ తప్పు కాదు. నలభైకి ముప్పై నాలుగు.

ఉద్యోగం చివరి ఏళ్లలో నేనూ ఇన్‌స్ట్రక్టర్‌గా పనిచేశాను. మెమో లేని జవాబుకు, మిగతాదంతా ఎంత బాగున్నా, సున్నాయే వేశాను. జ్వరం పిటిషన్ ఒక్కటీ సిఫారసు చేయలేదు. పేపర్ చూపించమని పోట్లాటకు వచ్చినవాళ్లకు మాత్రం కుర్చీ వేసి చూపించాను. మార్కు తక్కువ వస్తే ఎక్కడ పోయిందో చూపించమని అడగాలి. చూశాక తప్పు మనదైతే దిద్దుకోవాలి. రాని జ్వరం వచ్చిందని మాత్రం రాయకూడదు. ఆ రెండు మార్కులు కలుస్తాయి, మెమో సంగతి ఎప్పటికీ తెలియదు.