భూమిపూజ తర్వాత పాతిన పసుపు జెండాలు

2023 వేసవి మొదట్లో, అమెరికాలోని క్యారీ ఊళ్లో. పెరట్లో షెడ్డు పెట్టుకునేవాళ్లకి నేల చదును చేసిపెట్టడం నా పని. ప్రసాద్‌గారి పెరడు ఇంటివైపు మిట్ట, కంచెవైపు పల్లం. మిట్ట చెక్కి, పల్లంలో కంకర నింపి దిమ్మ వేయాలి. దాన్నే గ్రావెల్ ప్యాడ్ అంటాం. షెడ్డు ట్రక్కు మర్నాడే వస్తుందని ఆయనకి ఒకటే కంగారు.

తవ్వకానికి ముందు భూమిలో ఏ లైన్లున్నాయో ఫోన్ చేసి మార్కింగ్ చేయించాలి. గ్యాస్ లైన్ ఉన్నచోట పసుపు పెయింట్‌తో గీత గీసి, పసుపు జెండాలు పాతుతారు. అవి ప్యాడ్‌కి దూరంగా, కంచె పక్కన కనిపించాయి. మిట్ట మీద ముగ్గు, కొబ్బరి చిప్పలు చూసి ముచ్చటేసింది కూడా. మట్టి తవ్వే మినీ ఎక్స్‌కవేటర్ స్టార్ట్ చేశాను. ప్రసాద్‌గారి అమ్మగారు ఇంటి వెనక చెక్క డెక్ మెట్ల మీద కూర్చుని చూస్తున్నారు.

రెండు బకెట్ల మట్టి తీశానో లేదో, నా చూపు మళ్లీ జెండాల మీదికి పోయింది. ప్రార్థనలో నిలబడ్డ బడిపిల్లల్లా ఉన్నాయి. మార్కింగ్‌వాళ్లు అంత ముద్దుగా పాతరు. పైగా ఆ వరస గోడకున్న గ్యాస్ మీటర్ వైపు పోవడమే లేదు. వెంటనే ఇంజన్ ఆపేశాను.

"అమ్మా, ఈ జెండాలు ఎవరైనా కదిపారా?"

"నేనే నాయనా. పొద్దున భూమిపూజకి అడ్డంగా ఉన్నాయని తీశాను. పూజ అవగానే ఒక్కటీ పోకుండా మళ్లీ పాతేశాను."

"మరి నేల మీద పసుపు పెయింట్ గీతలు?"

"కల్లాపి చల్లి ముగ్గు పెట్టానుగా. దాంట్లో కలిసిపోయాయి."

గ్యాస్ వాసనేమీ రాలేదు. అయినా లోపల పసిపిల్లతో ఉన్న ఆవిడ కోడలితో సహా అందర్నీ ఇంటి ముందుకి పంపించేశాను.

"రేపు డెలివరీ అండీ. కొంచెం స్లోగా తవ్వేయలేరా?" అన్నారు ప్రసాద్‌గారు.

"డెలివరీ పోస్ట్‌పోన్ చేయండి. మళ్లీ మార్కింగ్ అయ్యేదాకా చెంచాడు మట్టి కూడా తియ్యను."

మార్కింగ్‌వాళ్లు మళ్లీ వచ్చారు. కొత్త గీత సరిగ్గా ముగ్గు మధ్యనుంచి పోయింది. చిన్న పారతో జాగ్రత్తగా మట్టి తీసి చూస్తే, నా బకెట్ ఆగినచోటికి జానెడు దూరంలో పసుపు పైపు!

అమ్మగారు దగ్గరికి వచ్చి వంగి దాన్ని చూశారు. "దీపం కూడా ఇక్కడే వెలిగించాను నాయనా" అన్నారు. ప్రసాద్‌గారు ఆమె చెయ్యి పట్టుకున్నారు.

షెడ్డుని కంచెవైపుకి జరిపాం. జెండా కనబడితే చాలదని, జెండాల వరస ఏ దారిన పోతోందో చూడాలని ఆ పెరట్లోనే నేర్చుకున్నాను. ఇప్పుడు మనవాళ్లెవరు షెడ్డు పని చెప్పినా, కొలతలకన్నా ముందు భూమిపూజ ఎప్పుడని అడుగుతాను. అది అయ్యాకే మార్కింగ్‌కి ఫోన్ చేస్తాను.