పరుగు తాత నడిచిన మైలు

మా తోట గేటుకు వేలాడే పలక మీది తెలుగు అక్షరాలు నాన్నవి. సర్కారు నోటీసు మలయ్, చైనీస్, తమిళం, ఇంగ్లీషుల్లో అచ్చయి వచ్చింది. మలయ్ వాళ్ళలా మాట చివర 'లా' చేర్చే మన తెలుగువాళ్ళకూ తెలియాలని, తోట ఆఫీసులో గుమాస్తాగా ఉన్న నాన్న కింద చేత్తో రాశాడు: "సైనికులను చూసి పరిగెత్తరాదు. పరిగెత్తినవారిని కాల్చెదరు."

అది కట్టిన రోజే పరుగు తాత పరుగు మానేశాడు. మలయాలో, సుంగై సిపుట్ దగ్గర, మా రబ్బరు తోట ఆస్పత్రిలో కట్లు కట్టే యూదు ముసలాయన. రంగూనులో పుట్టాడు. అక్కడి రేవులో మూటలు మోసే మనవాళ్ళ దగ్గర తెలుగు నేర్చాడు. ఆయన దగ్గర పుస్తకాలున్నాయని వెళ్ళేదాన్ని. నాకు మాట తక్కువ. ఆయన చెప్పినవన్నీ ఇంటికొచ్చి డైరీలో రాసుకునేదాన్ని.

కుర్రతనంలో పదేసి మైళ్ళ పందేలు పరిగెత్తాడట. ఒకసారి, ఆఖరి గీత కనబడుతుండగా, యూదుడు గెలవకూడదని ఎవడో మోకాలి మీద కర్రతో కొట్టాడు. బోర్లా పడి రెండు పళ్ళు ఊడాయి. అయినా లేచి మూడోవాడిగా చేరాడు. జపాను వాళ్ళు ఇక్కడికి వచ్చాక అదే జాతి పేరు చెప్పి పట్టుకెళ్ళి అరికాళ్ళు చితకగొట్టారు. వదిలాక మళ్ళీ పరిగెత్తాడు. అరవై దాటినా రోజూ తెల్లవారగానే గేటు నుంచి ఆస్పత్రి దాకా పరుగే. ఆ పరుగును ఆపింది నాన్న రాసిన రెండు వాక్యాలు.

ఒకరోజు, రబ్బరు పాలు తూచే వేళ, సర్కారు మీద తిరగబడి అడవిలో దాక్కున్నవాళ్ళు సైనికుల లారీ మీద కాల్పులు జరిపారు. చివరి గట్టున చెట్లు చూడబోయిన నాన్న మధ్యలో చిక్కుకున్నాడు. కాలువ వెంట పాకుతూ వచ్చిన ఒకావిడ ఆస్పత్రి గడపలో కూలబడింది.

"ఓలమ్మీ, మీ అయ్యకు తొడలో గుండు దిగింది లా! రగతం ఆగట్లేదు!"

తాత దగ్గర పుస్తకం చదువుతున్న నేను పరుగు తీశాను. నాలుగంగలు వేశానో లేదో, తాత వెనకనుంచి జడ పట్టి నన్ను నేలకు పడేశాడు.

"నడు, గుంటా! పరిగెత్తినావంటే నీ కాలు నేనే ఇరగ్గొడతాను."

మందుల సంచి ఆయన మెడలో. ఇద్దరి చేతులూ పైకి. మైలు దూరం. మా ముందు ఒక తమిళ కూలీ, బకెట్లు పడేసి, ఇళ్ళ వైపు పరిగెత్తాడు. ఒక్కటే చప్పుడు. ఒలికిన రబ్బరు పాలలో ముఖం పెట్టి పడ్డాడు. తెల్లని పాలు ఎర్రబడ్డాయి. అతని పక్కనుంచే నడిచాం. ఒక సైనికుడు తుపాకీ మడమతో తాత నోటి మీద కొట్టాడు. తాత రక్తం ఉమ్మి, సంచి తెరిచి చూపించి, మళ్ళీ నడిచాడు. పందెంలోలా లోపల్లోపల ఊపిరి లెక్కపెట్టుకుంటున్నాడు.

నాన్న ఆకుల మీద వెల్లకిలా పడి ఉన్నాడు. తాత కట్టు బిగించాడు గాని, అప్పటికే తొడ కింద ఆకులు రక్తంలో తేలుతున్నాయి.

"పరిగెత్తి రాలేదు గదమ్మా?" అన్నాడు నాన్న.

"లేదు నాన్నా."

అంతే. మళ్ళీ మాట్లాడలేదు.

శవం లేవకముందే అమ్మ తాత కాళ్ళ ముందు ఉమ్మింది. "ఏటయ్యా, ఊళ్ళన్నీ పరిగెత్తినోడివట! నా మొగుడు సస్తుంటే నడిసెల్లినావా? పెళ్ళికెల్లినావేటి?"

తాత వాచిన నోటితో తల దించుకున్నాడు. జడ సంగతి నేను చెప్పలేదు. నేను బతకడం కోసం నాన్న ఆగాల్సి వచ్చిందని అమ్మకు తెలిస్తే, నా ముఖం చూస్తుందా? డైరీలో మాత్రం రాశాను. అమ్మకు చదువు రాదు.

కొన్నేళ్ళకు, మలయాకు స్వాతంత్ర్యం వచ్చిన మెర్దెకా నాడు, తోట మైదానంలో ఆడవాళ్ళకు పరుగు పందెం పెట్టారు. గడియారం పట్టుకుని తాత ఆఖరి గీత దగ్గర నిలబడ్డాడు. అమ్మ నన్ను ముందుకు తోసింది. "ఎల్లు, ఎప్పుడూ పుస్తకాలేనా!" ఈల మోగింది. అందరూ కదిలారు. నా చెయ్యి జడ మీదికి పోయింది. కాళ్ళు లేవలేదు. నడిచాను.

"పెళ్ళికూతురొత్తంది లా!" అని ఎవరో నవ్వారు.

గీత దాటగానే అమ్మ వచ్చి భుజం పట్టి కుదిపింది. "ఏటే, కాళ్ళు పడిపోయినాయా?"

"ఆ రోజు నేను పరిగెత్తానమ్మా. తాతే జడ పట్టి పడేశాడు."

అమ్మ చెయ్యి నా భుజం వదిలి జడను తడిమింది. తర్వాత, అన్నేళ్ళలో మొదటిసారి, తాత దగ్గరకు వెళ్ళి నిలబడింది.

"దీన్నైనా మిగిల్సినావు," అంది.