ట్యాగులక్క మొదటి ఆన్‌లైన్ గిరాకీ

లాండ్రీ వాళ్లంతా ఆమెను ట్యాగులక్క అంటారు. అసలు పేరు చెబితే ఎవరూ గుర్తుపట్టరు. చొక్కా కాలరుకు పిన్నుతో గుచ్చే చిన్న నంబరు కాగితం మీదే ఆమె బతుకంతా నడిచింది మరి. పెళ్లయిన కొత్తలో భర్త లాండ్రీలో కౌంటరు దగ్గర కూర్చునేది. ఒకసారి ఒకరి కోటు ఇంకొకరికి వెళ్లింది. ఆ ఇంకొకరు దాన్ని తొడుక్కునే ఇంటర్వ్యూకి వెళ్లి, ఉద్యోగం తెచ్చుకుని, కలిసొచ్చిన కోటు తిరిగివ్వనని పేచీ పెట్టాడు. ఇక చేతిరాత నంబర్లతో లాభం లేదని ఆ వారమే ఆమె కంప్యూటరు క్లాసులో చేరింది.

ఆమె అనుభవం, తోటికోడలి చదువు కలిసి ఒక ప్రోగ్రాం అయింది. బట్ట లోపలికి రాగానే దానికో నంబరు పడుతుంది. అది ఉతుకులో ఉందో, ఇస్త్రీ బల్ల మీద ఉందో, ఎవరి సంచిలోకి వెళ్లిందో తెర మీద కనిపిస్తుంది. కోడ్ రాసేది తోటికోడలు, అమ్మేది ట్యాగులక్క. ఆఫీసంటే లాండ్రీ వెనక గదే. రెండు బల్లలు, ట్యాగుల ప్రింటరు, గోడకవతల స్టీము ప్రెస్సు బుస్సుమన్నప్పుడల్లా గజగజలాడే కిటికీ అద్దం.

అమ్మకంలో ఆమెది ఒకటే పద్ధతి. కొట్టుకు వెళ్లి, యజమాని పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, పూటంతా చూసేది. బట్టలు ఎక్కడ పోగుపడుతున్నాయో, ఎవరు ఎవరి మీద అరుస్తున్నారో కనిపెట్టాక తానే కంప్యూటరు ముందుకు జరిగేది. లాండ్రీ వాళ్లు ఎర్రగా కాలిన ఇస్త్రీపెట్టెనైనా పట్టుకుంటారు గానీ 'అంగీకరిస్తున్నాను' అనే బటను ముట్టుకోరు. "మీరే నొక్కండక్కా" అనడమే ఆలస్యం, ఆమె నొక్కేసేది. వాళ్ల పాస్‌వర్డు, వాళ్ల షరతులు, వాళ్ల సమ్మతి, అన్నిటికీ వేలు ఆమెదే. ధర కూడా కొట్టు వాలకం చూసి నోటితో చెప్పేది. ఊళ్లో లాండ్రీలన్నీ అలాగే ఆమె చేతిలోకి వచ్చాయి. ఎవరికీ ఏ ఇబ్బందీ రాలేదు.

ఇబ్బంది హోటల్ నుంచి వచ్చింది. ఆమె ఖాతాల్లో అన్నిటికన్నా పెద్దది అదే. కొన్ని ఊళ్లలో హోటళ్లున్న సంస్థ. ఈ ఊరి హోటల్ నేలమాళిగలో ఉన్న లాండ్రీలో దుప్పట్లు, తువ్వాళ్లు, వెయిటర్ల కోట్లు ఆమె నంబర్ల మీదే తిరుగుతాయి. అక్కడి పర్చేజ్ ఆఫీసరు ఫోను చేసి, ఇకమీదట తమ సంస్థ సాఫ్ట్‌వేర్లన్నీ ఆన్‌లైన్ క్లౌడ్ మార్కెట్‌ప్లేసు నుంచే కొంటుందని చెప్పాడు. సాఫ్ట్‌వేర్లు అమ్మే అంగడి అది, అన్నీ ఒకే చోట, ఒకే బిల్లులో. ఒప్పందం ముగిసేలోగా ఆమె సరుకు ఆ అంగట్లో కనబడితే అక్కడే తీసుకుంటారు. లేకపోతే అక్కడ ఇప్పటికే ఉన్నవాటిలో ఒకటి చూసుకుంటారు. చాలా మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకే ఆమెకు భయం వేసింది.

హోటల్ పోతే ఆ వెనక గది నిలవదు. తోటికోడల్ని ఆమె పాత ఆఫీసు వాళ్లు ఇంకా రమ్మంటూనే ఉన్నారు. ఆమె వెళ్లిపోతే ట్యాగులక్క దగ్గర మిగిలేది తాను చదవలేని కోడు.

సరే, అంగట్లో కొట్టు పెట్టడమే కదా అనుకుని ఇద్దరూ కూర్చున్నారు. అమ్మకందారుగా నమోదు చేసుకోవడం, గుర్తింపు, పన్ను వివరాలు, బ్యాంకు ఖాతా, ఇవన్నీ ఎలాగో దాటారు. ఆ తర్వాతే తలా తోకా తెలియని ప్రశ్నలు మొదలయ్యాయి. మీ ఉత్పత్తి ఏ వర్గంలోకి వస్తుంది? లాండ్రీ అనే వర్గం లేదు. ఆతిథ్యమా, చిల్లర వర్తకమా, సరఫరా వ్యవస్థా అని అడుగుతోంది. దుప్పటి హోటల్‌ది కాబట్టి ఆతిథ్యం అంది తోటికోడలు. మురికి దుప్పటిలో ఆతిథ్యం ఏముందని ట్యాగులక్క సందేహం.

ధర ఎలా వసూలు చేస్తారు, మనిషికా, వాడకానికా అన్నది మరో ప్రశ్న. హోటల్ లాండ్రీలో ఉన్నది ఒక్క కంప్యూటరు. షిఫ్టుల వాళ్లంతా వాడేది ఒకే పాస్‌వర్డు, అదీ గోడ మీద సుద్దముక్కతో రాసి ఉంది. ఆ లెక్కన మనుషులు ఎందరని రాయాలి? పోనీ వాడకమంటే ఏమిటి, కోటు ఒకటి, చేతిరుమాలు ఒకటి, రెండూ సమానమేనా? సహాయం పేజీ తెరిస్తే, ముక్కేదంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు, ఒక పేజీ ఇంకో పేజీకి, అది మరో పేజీకి పంపి, చివరికి మొదటి పేజీకే తెచ్చి దింపింది.

ఉత్పత్తి వివరణ దగ్గర ట్యాగులక్క తన మాటల్లోనే రాసింది. ముందు ఫోను చేయండి, వచ్చి మీ కొట్టు చూసి ధర చెబుతాను అని. అంగడి తరఫున పరిశీలించినవాళ్లు దాన్ని తిప్పి పంపారు. వివరణలో ఫోను నంబరు ఉండకూడదు, ధర ముందే ఉండాలి, కొనేవాడు ఎవరితోనూ మాట్లాడకుండానే కొనగలగాలి అన్నారు.

"ఎవరితోనూ మాట్లాడకుండా ఎవరైనా ఏదైనా ఎందుకు కొంటారే?" అంది ట్యాగులక్క.

"నీతో మాట్లాడితే పూట పోతుందని తెలిసినవాళ్లు కొంటారక్కా" అంది తోటికోడలు, తెర మీద నుంచి చూపు తిప్పకుండా.

చివరికి సరుకు అంగట్లోకి ఎక్కింది. ఎక్కిందంటే, ముందు పరీక్ష కోసం వాళ్ల సొంత ఖాతాకు మాత్రమే కనిపించేలా ఎక్కింది. తోటికోడలు తమ కొనుగోలు ఖాతా నంబరు వేసి చూసింది, పనిచేసింది, ఆ తర్వాత అందరికీ తెరిచారు. హోటల్‌కు మాత్రం పాత ధరే ఇవ్వాలి. అందుకూ దారుంది. ఒక్క కొనుగోలుదారుకే కనిపించే ప్రత్యేక ధర పంపవచ్చు. ఆ పూట తోటికోడలు బిడ్డకు జ్వరమని ఇంటికి వెళ్లింది. గడువు దగ్గరపడుతోంది. ట్యాగులక్క తానే కూర్చుని ఆ ఆఫరు తయారుచేసింది. హోటల్ పేరు రాసింది, ధర రాసింది. కొనుగోలుదారు ఖాతా అన్నచోట ఒక నంబరు అప్పటికే ఉంది. ఉన్నదాన్ని ఎందుకు కదిలించాలని వదిలేసి, పంపేసింది.

కాసేపటికి మెయిలు వచ్చింది. మీకో ప్రత్యేక ఆఫరు వచ్చింది, చూసి అంగీకరించండి అని. హోటల్ పేరు కనిపించింది, ధర కనిపించింది. కింద అంగీకరించే బటను. అన్నేళ్ల అలవాటు. పాపం పర్చేజ్ ఆఫీసరుకు ఇదంతా ఏం తెలుస్తుంది, మనమే కానిచ్చేద్దాం అనుకుంది. నొక్కింది. మీ కొనుగోలు పూర్తయింది, అభినందనలు అని వచ్చింది.

ఆ సాయంత్రం ఇంట్లో సందడి. భర్త ప్రెస్సు ఆపి మరీ వచ్చి విన్నాడు. అంత పెద్ద హోటల్ నోరు మెదపకుండా కొనేసిందంటే కాలం మారిందన్నమాటే అన్నాడు. ఇల్లలకగానే పండగ కాదని ఆయనకు గుర్తుచేసేవాళ్లు అప్పుడక్కడ లేరు.

మర్నాడు పర్చేజ్ ఆఫీసరు ఫోను చేశాడు. ఆఫరు ఇంకా రాలేదేమిటని అడిగాడు. వచ్చింది, మీరు కొనేశారు కూడా అని ట్యాగులక్క చెప్పింది. తాము ఏమీ కొనలేదన్నాడు. కొన్నారని ఆమె, లేదని ఆయన. ఇద్దరూ మర్యాదస్తులు కావడం వల్ల ఆ వాదన ఎటూ తేలక చాలాసేపు సాగింది. తోటికోడలు వచ్చి తెర చూసింది. కొనుగోలుదారు ఖాతా గడిలోని నంబరు మీద వేలు పెట్టింది.

"కొన్నది హోటల్ కాదక్కా. నువ్వే."

"నేనా? నాది నేనెందుకు కొంటాను?"

"అదే నేనూ అడుగుతున్నా. అమ్మిందీ నువ్వే, కొన్నదీ నువ్వే. మధ్యలో కమీషను మాత్రం అంగడివాడిది."

పరీక్షకు వేసిన తమ ఖాతా నంబరే ఆ గడిలో మిగిలిపోయింది. అందుకే ఆఫరు తిరిగి తమ ఇంటికే వచ్చింది. అద్దంలో తన బొమ్మకు తానే నమస్కారం పెట్టి, ప్రతినమస్కారం చూసి పొంగిపోయినట్టయింది ట్యాగులక్క పని. అంతకన్నా ఆమెకు అర్థం కానిది ఇంకొకటుంది. తప్పు నంబరుదే అయితే సరిచేసుకుంటే పోయేది. నంబరు సరిగ్గా ఉన్నా ఆ బటను తాను నొక్కకూడదని, నొక్కడం కుదరదని తోటికోడలు చెప్పింది. హోటల్ ఖాతాలో హోటల్ మనిషే నొక్కాలి.

"వాళ్లకు రాదు కదే" అంది ట్యాగులక్క.

"రాకపోతే నేర్చుకుంటారు. నువ్వే చెప్పాలి, నోటితో."

సొంత కొనుగోలు రద్దుకు అర్జీ పెట్టి, హోటల్ ఖాతా నంబరు తెప్పించుకుని, తోటికోడలు అంకె అంకె చదివి వినిపిస్తుంటే మళ్లీ ఆఫరు పంపారు. ఒప్పందానికి మిగిలింది ఆ ఒక్క రోజే. ట్యాగులక్క హోటల్‌కు వెళ్లింది. పర్చేజ్ ఆఫీసరు గది మెట్ల కింద, లాండ్రీ ఆవిరి వచ్చే చోట ఉంది. ఆయన కంప్యూటరు తెరిచి, కుర్చీ వెనక్కి జరిపి, "రండి మేడమ్, మీరే కానివ్వండి" అన్నాడు. ఆమె చెయ్యి సగం దూరం వెళ్లి ఆగింది. రెండు చేతులూ సంచి మీద పెట్టుకుంది.

"లేదు సార్, మీరే నొక్కాలి."

ఆయన వెతికాడు. బటను లేదు. ఆఫరు కనిపిస్తోంది గానీ అంగీకరించే చోటు బూడిద రంగులో ఉంది. కొనే అధికారం ఆయన ఖాతాకు లేదట. పర్చేజ్ ఆఫీసరే కొనలేకపోతే ఇంకెవరు కొంటారని ఆమె అడిగింది. ఆయన నీళ్లు నమిలి, వేరే ఊళ్లో తమ సంస్థ కంప్యూటరు విభాగంలో ఒకాయన ఉన్నాడని, బటను ఆయన దగ్గరుందని చెప్పాడు. ఆయన్ను ఆఫీసరు కూడా ఎప్పుడూ చూడలేదు. ఫోను కలిపి ఆమెకిచ్చాడు.

అవతలి గొంతు చిన్నగా, తీరుబడిగా ఉంది. ఆఫరు కనిపించిందన్నాడు, నొక్కానన్నాడు, అయిపోయిందన్నాడు. ఆమె ఊపిరి పీల్చుకోబోయి, తోటికోడలు చెప్పిన మాట గుర్తొచ్చి అడిగింది. నొక్కాక ఇంకో పేజీ వచ్చిందా, ఖాతాను మా ప్రోగ్రాంతో కలపమని?

"వచ్చింది. మూసేశాను. కొనడం అయిపోయిందిగా."

"అది కలపకపోతే కింద దుప్పట్లకు నంబర్లు పడవు బాబూ. మళ్లీ తెరవండి, చెబుతాను."

ఎప్పుడూ వేలితో చేసిన పనిని ఆమె మొదటిసారి మాటల్లో చెప్పింది. పైన ఎడమపక్క ఏముందో చదవమంది. ఆయన చదివింది ఆమెకు తెలిసిన పేజీ కాదు. ఇంకోటి తెరవమంది. అదీ కాదు. ఆమె కళ్లు మూసుకుని, తమ గదిలోని తెరను తలుచుకుంటూ, నారింజ రంగు గీత కింద చూడమంది. తన తెర మీద నారింజ గీతే లేదన్నాడు ఆయన. పర్చేజ్ ఆఫీసరు రెండుసార్లు బయటికి వెళ్లొచ్చాడు. ఎవరు ఎవరికి దారి చూపిస్తున్నారో ఆయనకు అంతుపట్టలేదు. చివరికి అవతలి ఆయన తాను కొన్న సాఫ్ట్‌వేర్ల పట్టీలో వెతికి, ఇక్కడ మీ పేరు పక్కన ఏదో కలపమంటోంది, అదేనా అన్నాడు. అదేనో కాదో ఆమెకూ తెలియదు. నొక్కమంది.

నేలమాళిగలో లాండ్రీ సూపర్‌వైజరుకు ఇదేదీ తెలియదు. ట్యాగులు వస్తూనే ఉన్నాయి, దుప్పట్లు కదులుతూనే ఉన్నాయి. తోటికోడలు ఫోను చేసి, ఈసారి కొన్నది నిజంగా హోటలేనని, ఖాతా కూడా తమ ప్రోగ్రాంతో కలిసిందని, ఏడాదికి ఒప్పందం పడిందని చెప్పింది. ఆమె గొంతులో చాలా రోజుల తర్వాత బరువు తగ్గినట్టు వినిపించింది. పాత ఆఫీసుకు రానని ఈ సాయంత్రమే రాసేస్తానంది.

తిరిగి లాండ్రీకి వచ్చేసరికి భర్త ప్రెస్సు దగ్గర ఉన్నాడు. ఆవిరి మధ్య నుంచే హోటల్ నిలిచిందా అని అడిగాడు.

"నిలిచింది."

"ఎవరు కొన్నారు, ఆ ఆఫీసరేనా?"

"కాదు. ఆయనకు బటను లేదట. ఇంకో ఊళ్లో ఎవరో."

"ఎవరో అంటే? ఎలా ఉంటాడు?"

ట్యాగులక్క సంచి కౌంటరు మీద పెట్టింది. "మనిషి ఎలా ఉంటాడో తెలీదు" అంది. "చెప్పింది మాత్రం ఓపిగ్గా విన్నాడు."