లైబ్రరీలో అమ్మ అడిగిన ప్రశ్న

నిన్న మనవరాలి బడిలో పాత రీలు ప్రొజెక్టరు ఒకటి తిప్పి చూపించారు. ఆ వేడెక్కిన దుమ్ము వాసన తగలగానే నేను నా చిన్ననాటి నందిగామ వెళ్ళిపోయాను. మన ఈడువాళ్ళకు గుర్తుందా, ఒక అంతర్జాతీయ సంస్థ అక్కడ పెట్టిన లైబ్రరీ? శనివారం మధ్యాహ్నాలు కిటికీలకు నల్ల దుప్పట్లు కట్టి, ఉపన్యాసం చెప్పించి, సినిమా వేసేవాళ్ళు.

మా అమ్మకు ఆ లైబ్రరీ అంటే అనుమానం. "ఊరికే సినిమా ఎవరు చూపిస్తారే? మన్నుంచి ఏదో కావాలి వాళ్ళకి" అనేది. నేను ఏడ్చి గోల చేస్తే ఒకసారి తనే వెంట వచ్చింది. గుమ్మంలో రిజిస్టరు తెరిచి పెట్టారు. "పేరు రాయమాక. ఎక్కడికి పంపిస్తారో ఏమో" అంటూ నన్ను లోపలికి లాగింది.

ఆ రోజు సినిమా మంచినీళ్ళ గురించి. తెర మీద ఒక తల్లి బావినీళ్ళు కాచి, చల్లార్చి బిడ్డకు తాగిస్తోంది. కాచని నీళ్ళతో విరేచనాలు పట్టుకుని పసివాళ్ళు చనిపోతారని ఉపన్యాసం చెప్పే ఆయన వివరించాడు. నా భుజం మీద అమ్మ చెయ్యి బిగుసుకుంది. అంతకు ముందు ఏడాదే మా తమ్ముడు విరేచనాలతో పోయాడు. అందరూ దిష్టి తగిలిందన్నారు.

దీపాలు వెలగ్గానే అమ్మ లేచి నిలబడింది. అంతమంది మగవాళ్ళ మధ్య ఆమె మాట్లాడగా నేను అంతవరకూ వినలేదు.

"ఈ సంగతి మీకెప్పట్నుంచి తెలుసండీ?"

"చాలా ఏళ్ళుగా తెలుసమ్మా."

"మరి మాకిప్పుడా చెప్పేది?"

అని, అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

ఆ లైబ్రరీని అమ్మ ఆ తర్వాత కూడా నమ్మలేదు. కానీ ఇంటికి రాగానే పొయ్యి వెలిగించి నీళ్ళు కాచింది. అవి చల్లారేదాకా పక్కనే కూర్చుని, తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తూ ఏడ్చింది.