అడవిలో పేరు పెట్టి పిలవకూడదు

జమారిస్‌కి కొండ మీద కోపమేమీ లేదు. వీపున పెద్ద పెద్ద సంచులు తగిలించుకుని, కొండెక్కించమంటూ దేశదేశాల నుంచి దిగేవాళ్ళ మీదా లేదు. ఉన్న కోపమంతా తన మోకాళ్ళ మీదే. మీసం సరిగా రాని వయసులో మొదటి మూట మోశాడు. ఇప్పుడు మీసం నెరిసిపోయింది, దారి మాత్రం మారలేదు. పెలోంపెక్ ఊరి చివర బంగాళాదుంప చేలు, దాల్చినచెక్క తోటలు, ఆ తర్వాత అడవి, చిట్టచివర ఏడు శిఖరాల నడుమ సరస్సు. పైకి చేరిన ప్రతివాడూ ఆ నీళ్ళు చూసి నోరు తెరుస్తాడు. జమారిస్ అప్పటికే అటు వీపు పెట్టి కట్టెలు ఏరుతూ ఉంటాడు. చూసి చూసి అతనికి ఆ సరస్సు పెరట్లో కుడితితొట్టితో సమానమైపోయింది.

ఇంకా అతను కొండెక్కుతున్నాడంటే అది భార్య పుణ్యమే. మోకాళ్ళు మొరాయించిన ఏడాది ఆమె దాల్చినచెక్క ఒలిచే కత్తి పక్కన పడేసి, వంటకి నేనొస్తానని బయల్దేరింది. వంట పేరుకే. బియ్యం, గిన్నెలు, గుడారం అన్నీ ఆమె బుట్టలోకి చేరాయి. అతని వంతుకు దారి నరికే కత్తి, లవంగం సిగరెట్టు మిగిలాయి. అయితే ఊరు దాటేదాకా బుట్ట అతని వీపునే ఉండేది, నలుగురూ చూస్తారు కదా. అడవిలో మొదటి మలుపు తిరగగానే ఆమె ఆగి, ఏమీ అనకుండా బుట్ట తన వీపుకి మార్చుకునేది. ఆ సంగతి గురించి మొగుడూ పెళ్ళాలు ఇంతవరకూ ఒక్క మాట అనుకున్న పాపాన పోలేదు.

ఆమె పేరు యుస్నిదార్. ఊళ్ళో అందరి నోట్లో నలిగిన పేరే, ఒక్క జమారిస్ నోట్లో తప్ప. పెళ్ళయిన కొత్తలో "ఇదిగో" అనేవాడు. కూతురు ఎల్వా పుట్టాక "ఎల్వా వాళ్ళమ్మా" అన్నాడు. కోపమొస్తే "ఏయ్". ఆమె కూడా అంతే, "ఎల్వా వాళ్ళ నాన్నా" దగ్గరే ఆగిపోయింది. ఆ ఊళ్ళో ఏ ఇంట్లో చూసినా ఇదే తంతు కాబట్టి, అందులో ప్రేమ తక్కువైందని ఎవరూ అనుకోరు.

అడవిలోకి అడుగుపెట్టాక ఆ పిలుపులు కూడా బంద్. అక్కడ ఎవరూ ఎవరినీ పిలవరు. కావాలంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని కూత వెయ్యాలి, అవతలివాళ్ళు తిరిగి కూత వెయ్యాలి. పులి అన్న మాట నోట రాకూడదు, ఆయన తాతగారు. అన్నిటికంటే ముఖ్యమైన కట్టుబాటు ఇంకొకటి ఉంది. అడవిలో ఎవరైనా నిన్ను పేరు పెట్టి పిలిస్తే పలక్కూడదు. పిలిచేది మనిషి కాదు. పలికితే తీసుకుపోతుంది.

ప్రతిసారీ అడవి అంచున నిలబడి ఈ పాఠం ఒప్పజెప్పడం జమారిస్ పని. ఈసారి ఎదురుగా ఇద్దరే ఉన్నారు. ఫెంకె అనే డచ్చావిడ, ఆస్పత్రి నర్సు, యాభై దాటి ఉంటాయి. ఇంకొకతను బాగస్, సురబాయా నుంచి వచ్చిన కుర్రవాడు, మాటల పుట్ట. పడాంగ్ నుంచి వచ్చే బస్సులో పక్క పక్క సీట్లలో కూర్చుని స్నేహం కలిపేసుకున్నారట. బాగస్ పాఠమంతా విని, మరి మా అమ్మ పిలిస్తే ఎలా బాబాయ్ అన్నాడు. ఈ జోకు వెయ్యని మనిషిని జమారిస్ ఇంతవరకూ చూడలేదు. మీ అమ్మకి ఇక్కడేం పని అని ఎప్పటిలాగే జవాబిచ్చి, ముందుకు నడిచాడు.

ఆ సాయంత్రం సరస్సు ఒడ్డున భార్య గిన్నెలు తోముతుంటే జమారిస్ పక్కన చేరి, ఇదే ఆఖరు, ఇంక నా వల్ల కాదు అని చెప్పేశాడు. ఎన్నాళ్ళుగానో గొంతులో అడ్డం పడి ఉన్న మాట అది. ఆమె జాలిపడుతుందనో, హమ్మయ్య అంటుందనో అనుకున్నాడు. ఆమె గిన్నె బోర్లించి, "సరే, నువ్వు ఇంట్లో కూర్చో. నేను తీసుకొస్తాలే వీళ్ళని," అంది. జమారిస్‌కి అరికాలి మంట నెత్తికెక్కింది. తను లేకపోతే ఈ కొండ ఆగిపోతుందని కాకపోయినా, కాస్త కుంటుతుందనైనా అనుకున్నాడు పాపం. ఇక అప్పటి నుంచీ ఇద్దరి మధ్యా మాటల్లేవు. పొద్దున కాఫీ గ్లాసు కూడా ఆమె అతని చేతికివ్వకుండా రాయి మీద పెట్టి వెళ్ళింది.

దిగేటప్పుడు దారి మధ్యలో బురదలో తాతగారి అడుగు కనిపించింది. చిన్న పళ్ళెమంత ఉంది, అంచులు ఇంకా నలగలేదు. ఫెంకె మోకాళ్ళ మీద కూర్చుని రకరకాలుగా ఫోటోలు తీసింది. బాగస్ మాటలు ఒక్కసారిగా తగ్గిపోయాయి. పెద్దాయన మనకంటే ముందే దిగారు, ఆయన పని మీద ఆయన వెళ్ళారు, మన పని మీద మనం వెళదాం అన్నాడు జమారిస్. భార్య వైపు చూశాడు. ఆమె చూడలేదు.

సగం దిగాక రేకుల పాక దగ్గర ఆగారు. ఆమె బుట్ట దించి, ప్లాస్టిక్ డబ్బా పట్టుకుని, కింద ఊట దగ్గరికి నీళ్ళకి వెళ్ళింది. వచ్చినప్పుడల్లా వెళ్ళే చోటే. జమారిస్ సిగరెట్టు ముట్టించి కాళ్ళు చాపుకున్నాడు. లోయలోంచి మంచు లేచి ముందు ఊట దారిని, తర్వాత పాక ముందున్న చెట్టుని మింగేసింది. ఇంకో సిగరెట్టు కూడా అయిపోయింది. అలిగి ఆలస్యం చేస్తోంది అనుకున్నాడు. తర్వాత, ఆమె నీళ్ళ దగ్గర అలిగే మనిషి కాదని గుర్తొచ్చి లేచి నిలబడ్డాడు.

కూత వేశాడు. జవాబు వచ్చింది, కానీ పైనుంచి. సియామంగ్ కోతుల గుంపు ఒకటి అప్పుడే నిద్ర లేచినట్టుంది. మగది గొంతు కింద సంచి ఉబ్బించి గుమ్మని మోగించింది, ఆడది అందుకుంది, పిల్లలు తోడయ్యాయి. ఇంక ఆ లోయలో మనిషి కూతేదో కోతి కూతేదో కనిపెట్టడం బ్రహ్మతరం కాదు. ఫెంకెని పాక దగ్గరే ఉండమని సైగ చేసి, బాగస్‌ని వెంటబెట్టుకుని ఊట దగ్గరికి దిగాడు. డబ్బా పక్కకి పడి ఉంది. దాని పక్కన బురదలో ఇంకో అడుగు ఉంది, అది మనిషిది కాదు. ఆమె మాత్రం లేదు.

జమారిస్ ఆ అడవి గురించి ఎన్నో కథలు చెప్పి ఎంతమందినో భయపెట్టాడు గానీ, తను భయపడటం అదే మొదటిసారి. వాలు వెంట జారుతూ, చెట్ల వేళ్ళు పట్టుకుని ఆగుతూ, ఆగిన చోటల్లా కూత వేశాడు. ఒకసారి ఎడమ నుంచి సన్నగా ఏదో జవాబు వచ్చినట్టుండేది. అటు నాలుగడుగులు వేసేసరికి కుడి నుంచి వచ్చేది. అటు తిరిగేసరికి కోతుల గోల దాన్ని మింగేసేది.

"పేరు పెట్టి పిలవండి బాబాయ్," అన్నాడు బాగస్. "కోతులు కూత వేస్తాయి గానీ, పేర్లు పెట్టి పిలవవు కదా."

మాటల పుట్ట అనుకున్న కుర్రవాడు మాట్లాడిన మాటల్లో పనికొచ్చేది అదొక్కటే. పనికొచ్చేదే గానీ, అనాల్సిన నోరు తనది. జమారిస్ చుట్టూ చూశాడు. తాతలు చెప్పిన కట్టుబాటు, తను అందరికీ ఒప్పజెప్పిన పాఠం, రెండూ ఎదురుగా నిలబడ్డాయి. వాటికి ఇవతల, ఊట దగ్గర పక్కకి పడి ఉన్న నీళ్ళ డబ్బా కళ్ళల్లో మెదిలింది. కళ్ళు మూసుకుని, "యుస్నిదార్," అన్నాడు. మొదటిసారి తనకే వినపడేంత మెల్లగా వచ్చింది. ఎవరి పేరో పలికినట్టు ఎబ్బెట్టుగా ఉంది. రెండోసారి గట్టిగా అరిచాడు. మూడోసారి పేగులు తెగేలా అరిచాడు. ఆ అరుపుకి కోతులు కూడా బెదిరి నోరు మూసుకున్నాయి.

ఆ తర్వాత లోయలో ఏమీ వినపడలేదు. ఇందాకటి దాకా ఎడమ నుంచో కుడి నుంచో వస్తున్నట్టనిపించిన ఆ సన్నటి కూత కూడా ఆగిపోయింది. పిలిచిన కొద్దీ నిశ్శబ్దం పెరిగింది.

జమారిస్ ఒక పడిపోయిన మాను దగ్గర కూలబడ్డాడు. మోకాళ్ళు ఇంక లేవనన్నాయి. ఇంటికెళ్ళి ఎల్వాకి ఏం చెప్పాలో ఆలోచించాడు, తోచలేదు. పొయ్యి దగ్గర ఆమె లేని వంటిల్లు ఎలా ఉంటుందో ఊహించబోయి, అది కూడా చేతకాక వదిలేశాడు. ఏడుపు వస్తోందని తెలిసింది. అది ఆపుకోవడానికి అతనికి తెలిసిన దారి ఒక్కటే, తిట్టడం. ఎవరికో వినిపించడానికి కాదు, గాలిలోకే మొదలుపెట్టాడు, ఇంట్లో గొణుక్కున్నట్టే.

"చెప్తే వింటేగా. ఆ రబ్బరు బూట్లు వేసుకోకు, జారతాయి, కాలికి నిలవవు అని నెత్తీ నోరూ బాదుకుంటే వింటేగా. ఎంతసేపూ తన మాటే. తన మాటే నెగ్గాలి."

మాను కింద నుంచి, అంటే కూర్చున్న చోటి నుంచి చెయ్యి చాస్తే అందేంత దూరం నుంచి, ఒక గొంతు లేచింది.

"రెండు సైజులు పెద్దవి కొనుక్కొచ్చింది ఎవరు?"

మాను కూలినప్పుడు వేళ్ళతో పాటు మన్ను లేచిపోయి అక్కడ గొయ్యి పడింది, దాన్ని ఫెర్న్ ఆకులు కప్పేశాయి. ఊట దగ్గర తాతగారి అడుగు చూసి, ఆ దారిన రాకుండా చుట్టు తిరిగి పైకెక్కబోయి, ఆమె అందులోకి జారింది. చీలమండ వాచి గుమ్మడికాయలా ఉంది. బూటు ఒకటే మిగిలింది. బాగస్ గోతిలోకి దూకి ఆమెని లేవనెత్తాడు. జమారిస్ పైనుంచి చేతులు పట్టుకుని లాగాడు, లాగినంతసేపూ తిడుతూనే ఉన్నాడు. అరుపులు విని ఫెంకె దిగి వచ్చి, తన సంచిలోంచి పట్టీ తీసి కాలికి కట్టు కట్టింది. ఎముక విరగలేదని బాగస్ ద్వారా చెప్పించింది.

అప్పుడడిగాడు బాగస్, పిన్నీ, బాబాయ్ అంతలా అరిచారు, వినపడలేదా అని.

వినపడకేం, శుభ్రంగా వినపడింది అంది ఆమె. అప్పటిదాకా కూతకి కూత వేస్తూనే ఉందట. పేరు వినపడగానే నోటికి తలగుడ్డ కొంగు అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, తెలిసిన ప్రార్థనలన్నీ చదువుకుంటూ కూర్చుందట.

జమారిస్‌కి ఒళ్ళు మండింది. "అంత దగ్గర్లో ఉండి కూడానా? ఇన్నేళ్ళు కాపురం చేశావు, నా గొంతు తెలీదా నీకు?"

"నీ గొంతు తెలుసు," అంది ఆమె, కట్టు వైపు చూసుకుంటూ. "నీ గొంతులో నా పేరు ఎలా ఉంటుందో నాకేం తెలుసు?"

బాగస్ ఆ మాటని ఫెంకెకి చెప్పబోయి, ఎందుకో చెప్పకుండా ఊరుకున్నాడు.

ఆమెని సరోంగు గుడ్డతో వీపుకి కట్టుకుని బాగస్ దిగాడు, ఫెంకె వెనక నుంచి పట్టుకుంది. బుట్టా మిగతా సామానూ జమారిస్ మీద పడ్డాయి. మెట్టు మెట్టుకీ మోకాళ్ళు కలుక్కుమన్నాయి. ఊట దగ్గరున్న తాతగారి అడుగు పక్కనుంచి వెళ్ళినప్పుడు ఫెంకె దానివైపు కన్నెత్తి కూడా చూడలేదు.

అడవి దాటి బంగాళాదుంప చేల గట్టుకి వచ్చేసరికి పొద్దు వాలింది. ఆమెని గట్టు మీద దించి, మోటారు సైకిలు కోసం ఆ ఇద్దరూ ఊళ్ళోకి వెళ్ళారు. జమారిస్ బుట్ట దించి ఆమె పక్కన చతికిలబడ్డాడు. చేలో ఎవరో ఆఖరి బస్తా కుట్టుకుంటున్నారు. సిగరెట్టు పెట్టె తీసి చూశాడు, ఖాళీ. జేబులో పెట్టేసుకున్నాడు. ఆమె కాలు చాపుకుని, కళ్ళు మూసుకుని, బుట్టకి ఆనుకుంది. నిద్ర పట్టినట్టుంది.

"యుస్నిదార్," అన్నాడు. ఆమెతో పనేమీ లేదు. ఊరికే అన్నాడు.

ఆమె పలకలేదు. కళ్ళు తెరవలేదు. కాసేపయ్యాక పెదవులు మాత్రం కదిలాయి.

"మళ్ళీ అను," అంది.