పిలిస్తే పడిపోయే అంకె

దెయ్యమనీ గాలనీ ఎవరైనా మొదలెడితే మా ఇంట్లో ముందు నవ్వేదాన్ని నేనే. ఇప్పటికీ వాటిని నమ్మను. చదివింది ఐదో తరగతే గానీ, జరిగింది జరిగినట్టు గుర్తుపెట్టుకుంటాను. ఇదీ అలా గుర్తున్నదే.

రెండువేల సంవత్సరం దాటాక సంగతి. మా తమ్ముడు సత్తిబాబు చెట్లెక్కి కొబ్బరి దింపు తీసేవాడు. మనిషి చెట్టు మీద ఉండగా కింద నుంచి పిలవకూడదని దింపు తీసేవాళ్ల ఇళ్లలో చిన్నపిల్లలకూ తెలుసు. కాళ్లు నేలకు ఆనాకే పలకరిస్తాం. ఆ పొద్దున క్యారేజీ పట్టుకెళ్లి, ఏ ధ్యాసలో ఉన్నానో, "ఒరే సత్తీ!" అని కేకేశాను. వాడు కిందికి చూశాడు. అంతే, జారిపోయాడు.

రాజమండ్రిలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. వాడి నుదుటికి రెండు స్టిక్కర్లు అంటించి, వైర్లు మిషనుకు కలిపారు. మెదడుకు ఆక్సిజన్ ఎంత అందుతోందో తెర మీద అంకె చూపిస్తుందట. యాభైకి పైన నిలబడితే ఆశ ఉందనీ, కిందే ఉండిపోతే ప్రాణం నిలిచినా మనల్ని గుర్తుపట్టకపోవచ్చనీ డాక్టరుగారు చెప్పారు. అప్పటికి యాభై రెండు ఉంది.

"దగ్గర కూర్చుని పిలుస్తూ ఉండండమ్మా, తెలిసిన గొంతు కదా" అన్నారు.

పిలిచాను. నలభై ఎనిమిదైంది. ఊరుకుంటే మెల్లిగా పైకొచ్చింది. మళ్లీ పిలిస్తే మళ్లీ పడింది. స్టిక్కర్లు మార్చి చూశారు. అదే వరస.

మా అమ్మ నా జబ్బ పట్టుకు లాగింది. "ఆడింకా చెట్టు దిగలేదే! ఒకసారి పిలిచింది చాల్లేదేంటే నీకు?"

డాక్టరుగారు నవ్వలేదు. "గొంతు విని కంగారు పడుతున్నాడేమోనండి. కాసేపు మీరు బయట కూర్చోండి" అన్నారు.

తలుపులు మూసేశారు. వరండా చివర గోడకేసి తిరిగి, నాకే వినబడనంత మెల్లిగా పిలిచాను. కాసేపటికి అమ్మ బయటికొచ్చింది.

"మళ్లీ పిలిచావా? నలభై ఆరుకి దిగిందే! ఏడ్చినట్టుంది నీ తెలివి."

మర్నాడు తలుపు అద్దంలోంచి తెరకేసి చూస్తూ నోరు విప్పలేదు. మనసులో మాత్రం "సత్తీ" అనుకున్నాను. అంకె పడింది. ఈ మాట అమ్మకి గానీ డాక్టరుగారికి గానీ చెప్పలేదు.

అప్పట్నుంచి వాడి పేరు మనసులోకి రాకుండా చూసుకోవడమే నా పని. సొంత తమ్ముణ్ణి తలుచుకోకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజుల్లోనే తెలిసింది. గచ్చు పలకలు లెక్కపెట్టాను. చిన్నప్పటి ఎక్కాలు అప్పజెప్పుకున్నాను. రెండు రోజులకి అరవై దాటింది. ఆ మర్నాడు పొద్దున కళ్లు తెరిచి, "అమ్మా, కాళ్లు లాగేస్తున్నాయే" అన్నాడు.

వాడికేమీ గుర్తులేదు. అంకె ఎందుకలా పడి లేచిందని డాక్టరుగారినడిగితే, "మెదడు వాపు తగ్గుంటుందమ్మా, అంకెలు మారుతూనే ఉంటాయి" అన్నారు. సరే, వాపే అనుకుంటాను. వరండాలో గొణిగినప్పుడు పడిందీ కాకతాళీయమే అనుకుంటాను. మరి పెదవి కదపకుండా అనుకున్న మాట వాడికెలా చేరింది? చేరితే, వాడు ఎక్కడుండి విన్నాడు? ఇన్నేళ్లయినా నాకు అంతుబట్టలేదు.