శుక్రవారం పుట్టినవాడు

మా ఊళ్లో ఇప్పుడు శుక్రవారం ఎవరూ పుట్టరు. ఒకటో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని కాబట్టి ఈ సంగతి నాకు తెలుసు. పుట్టినరోజులు చూస్తే అన్నీ ఆదివారాలు, మంగళవారాలు. మా నాన్నల కాలంలో శుక్రవారం పుట్టిన మగపిల్లవాడికి గోమా అని, గురువారం పుట్టినవాడికి ఖమీస్ అని ఆ రోజు పేరే పెట్టేవారు. సందుకో గోమా ఉండేవాడు. ఇప్పుడు నా తరగతిలో ఒక్క గోమా లేడు. దేవుడు రోజులేమీ మార్చలేదు. మా ఊళ్లో కాన్పులు చేసే డాక్టర్ షౌకీ గారికి ఆపరేషన్ రోజులు ఆది, మంగళవారాలే. శుక్రవారం వారు విశ్రాంతి తీసుకుంటారు.

వారి క్లినిక్‌కి వెళ్లిన ప్రతి కడుపులోనూ వారికి కనిపించేది ఒకటే: బిడ్డ మెడకు బొడ్డుతాడు చుట్టుకుంది. మా వీధిలో ఏ ఆడదాన్ని అడిగినా అదే తాడు. నా ఇద్దరు పిల్లలకూ చుట్టుకుంది. ఒక దుకాణంలో ఒకే చుట్ట నుంచి కోసి అమ్మినట్టు ఊరంతటికీ ఒకే తాడు. పొట్ట కోసి బిడ్డను తీయడం ప్రాణం నిలబెట్టదని నేననను. మా పిన్ని కూతురు దానివల్లే ఈ రోజు మన మధ్య ఉంది. కోతను కూరగాయల బేరం చేసుకున్నవాళ్లతోనే నా పేచీ.

ఇన్షిరాహ్ మా పక్కింటి కోడలు. ఉద్యోగాలకు వెళ్లే ఆడవాళ్లకు కూరగాయలు సిద్ధం చేసి అమ్ముతుంది. చిన్న సొరకాయల్లాంటి కూసా కాయలను గుజ్జు తీసి డొల్ల చేస్తుంది, ద్రాక్షాకుల్లో బియ్యం పెట్టి చుడుతుంది. గుమ్మంలో చాప మీద కూర్చుంటే ఆమె చేయీ ఆగదు, నోరూ ఆగదు. మూడేళ్ల కిందట మొదటి కాన్పు. నొప్పులైనా మొదలు కాకుండానే షౌకీ గారు తాడు చూశారు, కోశారు. తెలివి వచ్చేసరికి కూతురు, తుకా, అత్తగారి ఒడిలో ఉంది, నోట్లో పాలసీసా ఉంది. కుట్లు మాని ఆమె చాప మీదకు వంగగలిగేసరికి పిల్ల నానమ్మ వాసన తప్ప మరో వాసన ఎరగనిదైంది. అందుకే రెండో కడుపు నిలిచినప్పుడు ఇన్షిరాహ్ ఒకటే పట్టు పట్టింది. ఈసారి తనను అడక్కుండా తన మీద ఎవరూ చేయి వేయకూడదు. బిడ్డ ముందు తన చేతికే రావాలి.

తొమ్మిదో నెలలో క్లినిక్‌కి నన్ను తోడు తీసుకెళ్లింది. అత్త హాగ్గా ఫక్రియా ముందు నడిచింది. మక్కా వెళ్లొచ్చి హాగ్గా అనిపించుకున్న దగ్గర్నుంచి ఆమె ఎక్కడైనా ముందే నడుస్తుంది.

"తాడు చుట్టుకుంది" అన్నాడు షౌకీ, స్కాన్ తెర వైపు సరిగ్గా చూడకుండానే. "ఎలాగూ ఒకసారి కోసిన కడుపు మళ్లీ కోయాల్సిందే. పాత చొక్కా కుట్టు దగ్గరే చిరుగుతుంది."

"అందరికీ చిరుగుతుందా డాక్టరుగారూ?" అంది ఇన్షిరాహ్.

"నువ్వు డాక్టర్ చదివావా?"

"లేదండీ. కూసాలు తొలుస్తాను. కానీ ఈ కడుపు నాది."

ఆయన ఆమెను వదిలేసి అత్త వైపు తిరిగాడు. "మంగళవారం పెట్టుకుందాం హాగ్గా. ఆ తర్వాత పండక్కి పిల్లల్ని తీసుకుని సముద్రం ఒడ్డుకి వెళ్తున్నాను."

హాగ్గా మొహం వెలిగిపోయింది. "మా నహ్లా కువైట్ నుంచి బుధవారం దిగుతుంది. దానికున్నది రెండు వారాల సెలవు. ఏడో రోజు వేడుక అది ఉండగానే జరిగిపోతుంది."

బిడ్డ ఎప్పుడు పుట్టాలో ఖాయమైపోయింది. డాక్టరు సెలవు ఒకవైపు, ఆడపడుచు సెలవు ఇంకోవైపు. మధ్యలో ఉన్న మనిషిని అడిగినవాళ్లు లేరు.

ఆమె భర్త రగబ్ మినీబస్సు నడుపుతాడు. నిలదీస్తే ఎటూ మొగ్గకుండా జవాబు చెప్పడంలో వాడిని మించినవాడు లేడు.

"అమ్మ అలా అంటోంది, డాక్టరు అలా అంటున్నాడు. నేనేమంటాను?"

"ఏమీ అనకు" అంది ఇన్షిరాహ్. "రేపు తాంతా పట్నంలో పెద్దాస్పత్రి దాకా బస్సు తోలు. అది నీకొచ్చిన పనేగా."

ఆ ఆస్పత్రిలో గోడకు ఆనుకుని గంటలు నిలబడ్డాం. డాక్టర్ మెర్వత్ అనే ఆమె చల్లారిన టీ తాగుతూ పిలిచింది. కళ్ల కింద నలుపు, చెప్పులకు మందు మరకలు. మొదటిసారి ఎందుకు కోశారు, ఎన్నేళ్లయింది, కోత అడ్డంగా ఉందా నిలువుగా ఉందా అని అడిగి, పొట్ట మీద చేయి వేసి చూసింది.

"ప్రయత్నించొచ్చు. మాట మాత్రం ఇవ్వను" అంది. "ఎక్కువమందికి మామూలుగానే అవుతుంది. కొద్దిమందికి లోపల పాత కుట్టు విడిపోతుంది. అది తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. అందుకే ఇంట్లో కనడానికి వీల్లేదు. నొప్పులు రాగానే ఇక్కడికి రావాలి. బిడ్డ గుండె చప్పుడు వింటూ ఉంటాం. తేడా వస్తే వెంటనే కోస్తాను. లేదూ, ముందే కోయించుకుంటానంటావా, అదీ తప్పేం కాదు. ఏం చేద్దాం?"

ఇన్షిరాహ్ నా వైపు చూసింది. ఆ చివరి మాట ఆమెను ఇంతవరకూ ఎవరూ అడగలేదు.

"తాడు సంగతో?" అంది.

"ఈ పూట మెడ చుట్టూ ఏమీ లేదు. ఉన్నా చాలామంది పిల్లలు దాంతోనే హాయిగా పుడతారు."

"అయితే నొప్పులు రానీ. వస్తాను."

మంగళవారం పొద్దున హాగ్గా సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది. సంచిలో పైకి కనపడేలా పాలపొడి డబ్బా పెట్టింది.

"లే. డాక్టరు ఎదురుచూస్తున్నాడు."

"చూడనీ హాగ్గా. కూర్చుని చూడటానికి ఆయనకు మంచి కుర్చీ ఉంది."

"పొలం గట్టు మీద కనే దానిలా కంటావా? మన ఇంటి పరువేం కావాలి?"

"మీరు రగబ్‌ని ఎక్కడ కన్నారు?"

హాగ్గా సంచి కింద పెట్టింది. రగబ్ పుట్టింది బర్రెల పాక పక్కన అని ఊరందరికీ తెలుసు. సాయంత్రానికల్లా వీధిలో మాటలు మొదలయ్యాయి. ఖర్చుకు వెనకాడుతోందని ఒకామె, మొండిదని ఒకామె. షౌకీ గారి దగ్గర మూడుసార్లు కోయించుకున్న ఎదురింటామె, "పాపం, దానికి నాగరికత తెలీదు" అంది. పొట్ట మీద మచ్చను మెళ్లో గొలుసులా చూపించుకునే ఊరు మాది.

శుక్రవారం పొద్దున రగబ్ తలంటుకుని నమాజుకు బయల్దేరుతుంటే నొప్పులు మొదలయ్యాయి. నేనూ బస్సెక్కాను. హాగ్గా ఎక్కుతూనే షౌకీకి ఫోన్ కలిపింది, అందరికీ వినపడేలా పెట్టింది. అవతల అలల హోరు, పిల్లల కేరింతలు.

"ఇవాళా? ఇవాళ ఎలా?" అన్నాడు. "ఏదైనా సూది వేయించండి, ఆగుతాయి. ఆదివారం నేనొచ్చేస్తా."

హాగ్గా కొడుకు వైపు చూసింది. "విన్నావుగా. ఆపించమంటున్నాడు."

ఎప్పుడూ ఎటూ మొగ్గని రగబ్ ఇంజన్ స్టార్ట్ చేశాడు. "ఇదేమైనా బస్సా అమ్మా, చెయ్యెత్తితే ఆగడానికి?"

నొప్పుల మధ్యలో ఇన్షిరాహ్ నవ్వింది. పెళ్లయ్యాక మొగుడి మాటకు ఆమె అలా నవ్వడం నేను అప్పుడే చూశాను.

తాంతాలో ఆమె మధ్యాహ్నం దాటేదాకా నొప్పులు పడింది. నడిచింది, గోడ పట్టుకుని వంగింది, నా చేయి నలిపేసింది. మెర్వత్ వస్తూ పోతూ బిడ్డ గుండె చప్పుడు వింటూనే ఉంది. బాగానే సాగుతోంది. హాగ్గా మూల కూర్చుని జపమాల తిప్పుతోంది. పొద్దు వాలేవేళ బిడ్డ గుండె చప్పుడు మందగించింది. మెర్వత్ పక్కకు తిప్పి పడుకోబెట్టింది, మళ్లీ వింది, మంచం అంచున కూర్చుంది.

"ఇన్షిరాహ్, ఇటు చూడు. బిడ్డ గుండె నెమ్మదిస్తోంది, తేరుకోవడం లేదు. ఇంకా ఆగుదామని నేను చెప్పలేను."

"నా స్థానంలో మీరుంటే?"

"కోయమంటాను. ఇప్పుడే."

ఇన్షిరాహ్ కళ్లు మూసుకుని తెరిచింది. చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

"కోయండి. నాకు తెలివి ఉండాలి. బిడ్డను ముందు నా చేతికివ్వండి."

నడుము కింద మాత్రమే మత్తు ఇచ్చారు. మగబిడ్డ. తుడిచీ తుడవకుండా ఆమె రొమ్ము మీద వేశారు. హాగ్గా పాలడబ్బా మూత తీసే పని పడలేదు.

ఏడో రోజు వేడుకకు ఇల్లు నిండిపోయింది. పిల్లల చేతుల్లో కొవ్వొత్తులు, జల్లెడలో పడుకోబెట్టిన బిడ్డ, పక్కన ఇత్తడి రోలు. దిండ్లకు ఆనుకుని కూర్చున్న ఇన్షిరాహ్ దగ్గరకు కువైట్ ఆడపడుచు నహ్లా గ్లాసు పట్టుకుని వచ్చింది.

"ఇంత రాద్ధాంతం చేసి చివరికి కోతే కదా వదినా. డాక్టర్ షౌకీ తెగ నవ్వుకుంటున్నాడట."

చుట్టూ ఉన్న ఆడవాళ్లు చెవులు రిక్కించారు. వాళ్లలో చాలామంది ఆయన కోసినవాళ్లే.

"నవ్వుకోనీ నహ్లా. ఈసారి కనిపిస్తే నా మాటగా ఒకటి అడుగు. శుక్రవారం కోస్తాడా?"

నహ్లా గ్లాసులోకి చూసుకుంది.

"ఆయన కోసేది సముద్రం కోసం" అంది ఇన్షిరాహ్. "ఈమె కోసింది నా కొడుకు కోసం. అదీ నేను కోయమన్నాకే. రెండూ ఒకే కోత అనుకుంటే నీ ఇష్టం."

ఎదురింటామె చున్నీ సర్దుకునే నెపంతో చేయి పొట్ట మీదకు పోనిచ్చింది. నా చేయీ అక్కడే ఉంది.

"సర్లే, పేరేంటో చెప్పు" అంది హాగ్గా రోకలి అందుకుంటూ. ఆమె మనసులో యాసీన్ ఉందని, కేకు మీద కూడా అదే రాయించిందని అందరికీ తెలుసు. "రోలు మోగించాలి."

"గోమా."

"గోమానా? గాడిదబండి తోలేవాళ్ల పేరు."

"శుక్రవారం పుట్టాడు హాగ్గా. ఊళ్లో ఒక్కడైనా ఉండాలిగా."

రగబ్ తల్లి మొహమూ చూడలేదు, పెళ్లాం మొహమూ చూడలేదు. కత్తి తీసుకుని కేకు మీది పేరును మీగడతో చదును చేసేశాడు.

బిడ్డ చెవి దగ్గర రోలు మోగిస్తూ ఎవరి మాట వినాలో చెప్పడం మా ఆనవాయితీ. ముందు బిడ్డను పేరు పెట్టి పిలవాలి, తప్పదు. హాగ్గా ఫక్రియా రోకలి ఎత్తి, ఊరి ఆడవాళ్లందరి ముందూ రోటి మీద కొట్టింది.

"ఒరే గోమా" అంది. "మీ అమ్మ మాట విను."